బాంబుల కన్నా బెంగ పెద్దది
(అన్నా ఫ్రాయిడ్ జీవితం)

హాస్టల్‌లో చేరిన కొత్తలో బెంగ పెట్టుకోనివారు మనలో ఎవరూ ఉండరు. ట్రంకుపెట్టె గోడవారగా పెట్టి, నాన్న బస్సెక్కి వెళ్లిపోయిన ఆ సాయంత్రం అందరికీ గుర్తే. ఆ బెంగను చిన్నపిల్లల మారాం అని కొట్టిపారేయకుండా, యుద్ధం మధ్యలో ఉండి శ్రద్ధగా పరిశీలించిన మహనీయురాలు అన్నా ఫ్రాయిడ్.

ఆమె 1895 డిసెంబరు 3న ఆస్ట్రియా రాజధాని వియన్నాలో జన్మించారు. మనోవిశ్లేషణ శాస్త్రాన్ని స్థాపించిన సిగ్మండ్ ఫ్రాయిడ్‌కు ఆరుగురు సంతానంలో చివరి బిడ్డ. విశ్వవిద్యాలయంలో చదవలేదు. బడిలో పంతులమ్మగా పనిచేశారు. తరువాత తండ్రి శాస్త్రాన్ని నేర్చుకొని, పిల్లల మనసులను అర్థం చేసుకోవడానికి దానిని ఉపయోగించారు. 1937లో వియన్నాలో నిరుపేదల పసిపిల్లల కోసం శిశువిహార్ నడిపారు.

1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను ఆక్రమించాడు. ఫ్రాయిడ్ కుటుంబం యూదులది. రహస్య పోలీసులు అన్నాను తీసుకుపోయి ప్రశ్నించి వదిలారు. జూన్‌లో ఆమె తల్లిదండ్రులతో కలిసి లండన్ చేరారు. మరుసటి ఏడాది తండ్రి కన్నుమూశారు. వియన్నాలో ఉండిపోయిన నలుగురు మేనత్తలు నాజీల శిబిరాలకు బలైపోయారు.

1940లో లండన్‌పై జర్మనీ బాంబుల వర్షం మొదలైంది. ఇళ్లు కూలిపోయాయి. తండ్రులు సైన్యంలో, తల్లులు ఫ్యాక్టరీల్లో ఉన్నారు. అప్పుడు అన్నా, తన స్నేహితురాలు డొరొతీ బర్లింగ్‌హామ్‌తో కలిసి, అమెరికా నుండి వచ్చిన విరాళాలతో హాంప్‌స్టెడ్ శిశుగృహాలను ప్రారంభించారు. లండన్‌లో రెండు ఇళ్లు, ఎసెక్స్ పల్లెలో ఒకటి. ఒకేసారి సుమారు 80 మంది పిల్లలకు అక్కడ ఆశ్రయం దొరికింది.

పిల్లల మాటలు, ఆటలు, ఏడుపులు, నిద్ర అన్నీ గమనించి కార్డులపై రాయాలని ఆమె సిబ్బందికి చెప్పారు. నీళ్లు కాచే బాయిలర్ చూసుకునే జేమ్స్ రాబర్ట్‌సన్‌కు కూడా ఈ పని నుండి మినహాయింపు లేదు.

ఆ కార్డుల నుండి తేలిన సత్యం అందరినీ ఆశ్చర్యపరిచింది. తల్లి పక్కన ధైర్యంగా ఉంటే, బాంబుల మోతలోనూ పసివాళ్లు తట్టుకున్నారు. తల్లికి దూరమైన పిల్లలు మాత్రం క్షేమంగా ఉన్న చోట కూడా కుంగిపోయారు. వచ్చిన మాటలు మరిచారు. పక్క తడిపారు. శిశుగృహంలో తిండికి లోటు లేకపోయినా మాటలు నేర్వడంలో వెనుకబడ్డారు.

ఇది తెలిశాక అన్నా ఊరుకోలేదు. పిల్లలను నలుగురైదుగురు చొప్పున చిన్న కుటుంబాలుగా చేసి, ఒక్కో కుటుంబానికి ఒక్కో అమ్మను ఏర్పాటు చేశారు. మొదట్లో ఆ అమ్మ నాదంటే నాదని కొట్లాడుకున్నారు. కొద్ది రోజులకే కుదుటపడి, మాటల్లో, అలవాట్లలో ముందుకు సాగారు. తల్లిదండ్రులు ఏ వేళకు వచ్చినా బిడ్డను చూడనిచ్చేవారు.

1945లో యుద్ధం ముగిసింది. టెరెజిన్ నాజీ శిబిరం నుండి బతికి బయటపడిన, మూడేళ్ల వయసున్న ఆరుగురు అనాథలు ఇంగ్లండ్ వచ్చారు. అన్నా పర్యవేక్షణలో వారిని ఒక పల్లెటూరి ఇంట్లో పెంచారు. మొదట్లో పెద్దవాళ్లను కొట్టారు, కొరికారు, బొమ్మలు విరగ్గొట్టారు. కానీ ఒకరిని విడిచి ఒకరు ఉండేవారు కాదు. తన పళ్లెం కన్నా పక్కవాడి పళ్లెం మీదే ధ్యాస. అమ్మానాన్నలు లేని ఆ పిల్లలు ఒకరికొకరు అమ్మానాన్నలయ్యారని 1951లో ప్రచురించిన వ్యాసంలో ఆమె లోకానికి తెలియజెప్పారు.

1952లో ఆమె లండన్‌లో పిల్లల మానసిక చికిత్సాలయం స్థాపించారు. అదే ఏడాది, ఒకప్పటి బాయిలర్ మనిషి రాబర్ట్‌సన్ ఆసుపత్రిలో తల్లి లేకుండా ఉన్న రెండేళ్ల పాపపై సినిమా తీశారు. ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో తల్లులు పిల్లల దగ్గర ఉండేందుకు అది దారి వేసింది. 1982 అక్టోబరు 9న అన్నా తుదిశ్వాస విడిచారు.

మిత్రులారా! మనం చూసింది యుద్ధం కాదు. కానీ బెంగ మనకూ తెలుసు. ఈ ఏడాది చేరిన తమ్ముళ్లలో ఎవరైనా పళ్లెం ముందు అన్నం ముట్టకుండా కూర్చుంటే నవ్వకండి. పక్కన కూర్చోండి. వాడి ఊరి పేరు అడగండి. మన వంటమనిషి, కామాటి, వాచ్‌మన్ కూడా వాడిని గమనిస్తూనే ఉంటారు, వారినీ అడగండి. గూడు, కూడు ప్రభుత్వం ఇస్తుంది. నా వాళ్లు ఉన్నారన్న ధైర్యం మాత్రం మనమే ఇవ్వాలి.