ఆక్టేవియా హిల్

ఆక్టేవియా హిల్ (డిసెంబర్ 3, 1838 - ఆగష్టు 13, 1912) ఇంగ్లాండుకు చెందిన ప్రముఖ సంఘ సంస్కర్త. లండన్ నగరంలోని పేద కార్మికులకు అందుబాటు అద్దెలతో ఆరోగ్యకరమైన ఇళ్ళు సమకూర్చడానికి ఈమె జీవితాంతం కృషి చేసింది. ఈ బాధ్యత ప్రభుత్వానిది కాదనీ, ధర్మబుద్ధి గల ఇంటి యజమానులదనీ ఈమె విశ్వసించింది.

బాల్యం

ఆక్టేవియా కేంబ్రిడ్జ్‌షైర్‌లోని విస్‌బీచ్ పట్టణంలో జన్మించింది. తండ్రి జేమ్స్ హిల్ ధాన్యం వర్తకుడు. 1840లో ఆయన దివాలా తీయగా, తల్లి కారొలైన్ తన తండ్రి డాక్టర్ థామస్ సౌత్‌వుడ్ స్మిత్ అండతో పిల్లలను పెంచింది. ఆయన ప్రజారోగ్య సంస్కరణలకు పేరుపొందిన వైద్యుడు. 1852లో తల్లి లండన్‌లో ఒక మహిళా సహకార సంఘానికి నిర్వాహకురాలయింది. అక్కడ బొమ్మలు తయారుచేసే పేద పిల్లల పనిని పర్యవేక్షిస్తూ, వారి ఇళ్ళ దుస్థితిని ఆక్టేవియా స్వయంగా గమనించింది.

గృహవసతి రంగంలో కృషి

గాంధీజీని ప్రభావితం చేసిన 'అన్ టు దిస్ లాస్ట్' గ్రంథకర్త జాన్ రస్కిన్‌తో ఈమెకు 1853లో పరిచయమయింది. 1865లో రస్కిన్ మేరిల్‌బోన్ ప్రాంతంలోని పారడైజ్ ప్లేస్‌లో మూడు ఇళ్ళను 750 పౌండ్లకు కౌలుకు తీసుకొని, వాటి నిర్వహణను ఈమెకు అప్పగించాడు. పెట్టుబడిపై ఏటా 5 శాతం రాబడి రావాలనీ, అప్పుడే ఇతర ధనవంతులు కూడా ముందుకు వస్తారనీ ఆయన అభిప్రాయం.

ఆక్టేవియా పద్ధతి సరళమైనది. ఈమె, ఈమె వద్ద శిక్షణ పొందిన స్త్రీలు వారం వారం ఇంటింటికీ వెళ్ళి అద్దె వసూలు చేసేవారు. అదే సమయంలో మరమ్మతుల అవసరాన్నీ, కుటుంబాల కష్టసుఖాలనూ తెలుసుకొనేవారు. 5 శాతం పోగా మిగిలిన సొమ్మును ఇళ్ళ బాగుకే వెచ్చించేవారు. అద్దె బకాయిలను మాత్రం సహించేవారు కాదు. 1874 నాటికి ఈమె నిర్వహణలో 15 గృహ సముదాయాలు, వాటిలో సుమారు 3,000 మంది నివాసులు ఉండేవారు. 1884లో చర్చి ఆస్తుల కమిషనర్లు సౌత్‌వర్క్‌లోని తమ ఇళ్ళను ఈమెకు అప్పగించారు. 1895లో నేషనల్ ట్రస్ట్‌ను స్థాపించిన ముగ్గురిలో ఈమె ఒకరు.

ప్రభుత్వ బాధ్యతపై వివాదం

పురపాలక సంస్థలు ఇళ్ళు కట్టి అద్దెకివ్వడాన్ని ఆక్టేవియా వ్యతిరేకించింది. పన్నుల సొమ్ముతో అద్దె తగ్గిస్తే యజమానులు కూలి పెంచరనీ, అద్దెదారులే ఓటర్లయితే ఇళ్ళ నిర్వహణ రాజకీయమవుతుందనీ ఈమె వాదన.

ఈ వాదనకు పరిమితులు కూడా ఉన్నాయి. క్రమమైన సంపాదన లేని నిరుపేదలు వారం వారం అద్దె చెల్లించలేక ఇల్లు కోల్పోయేవారు. 1901లో లండన్ కౌంటీ జనాభా సుమారు 45 లక్షలు. ఆ అవసరం ముందు దాతల పెట్టుబడి స్వల్పమే. అయితే ప్రభుత్వ గృహాలు కూడా వెంటనే నిరుపేదలకు చేరలేదు. లండన్ కౌంటీ కౌన్సిల్ ఒక మురికివాడను తొలగించి 1900లో ప్రారంభించిన బౌండరీ ఎస్టేట్‌లో, పాత నివాసులలో బహు కొద్దిమందికే చోటు దక్కింది.

మరణం, ప్రభావం

ఆక్టేవియా 1912లో లండన్‌లో మరణించింది. కెంట్ కౌంటీలోని క్రోకమ్ హిల్ గ్రామంలో ఈమె సమాధి ఉంది. 1919 నాటి గృహ నిర్మాణ చట్టం స్థానిక సంస్థలపై గృహవసతి బాధ్యతను ఉంచి, ప్రభుత్వ ధనసహాయం కల్పించింది. ఆ విధంగా ఈమె వ్యతిరేకించిన మార్గమే బ్రిటన్‌లో స్థిరపడింది. కానీ ఇల్లు కట్టినంత మాత్రాన బాధ్యత తీరదనీ, దానిని నిత్యం చక్కగా నిర్వహించాలనీ ఈమె చూపిన పద్ధతిని ఆ తరువాత పురపాలక సంస్థలలో పనిచేసిన మహిళా గృహ నిర్వాహకులు కొనసాగించారు.