జార్జి ముల్లరు

1805లో ప్రష్యా దేశమున జన్మించిన జార్జి ముల్లరు యౌవనమున దుర్వ్యసనపరుడై, సత్రపు బాకీ ఎగవేసి చెరసాల చూచెను. అట్టివాడు ఇంగ్లండులోని బ్రిస్టలు నగరమున 1836లో అనాథాశ్రమము తెరచెను. మరుపూట భోజనమునకు పైకము లేని దినములందును అప్పు చేయలేదు. ఒకరిని చందా యాచింపలేదు. బైబిలే ఆయనకు నిత్యము దారి చూపెడిది.

తొలుత లేచినంతనే ప్రార్థనకు కూర్చుండి, అరగంట గడచినను మనస్సు కుదురక అవస్థపడుచుండెను. 1841 మొదలు ముందుగా కొన్ని వాక్యములు చదివి మననము చేయసాగెను. ప్రార్థన దానంతట వచ్చెడిది. గ్రంథమును మొదటినుండి తుదివరకు వరుసగా చదువుటయే ఆయన పద్ధతి. పుట తెరవగా కంటబడిన మాటను శకునముగా గొనుట కాదు. పరిస్థితులను గూడ తూచి, నిదానించియే అడుగు వేసెడివాడు. ఈ నిదానము మిక్కిలి మెచ్చదగినది.

1870 నాటికి ఆష్లీడౌనులో 5 భవనములు వెలసి, 2,000 మందికి పైగా పిల్లలకు చోటు కలిగెను. వానిలో ఒకదానియందలి తన గదిలోనే 1898 మార్చి 10వ తేదీ యుదయమున ముల్లరు కన్నుమూసెను.