రాళ్ళ పుటలను చదివిన విలియం స్మిత్

కాలాన్ని కొలవటానికి మానవుడు నీడను, నీటిని, ఇసుకను, చివరకు గడియారాన్ని సాధనంగా చేసుకొన్నాడు. కాని మానవుడు పుట్టుటకు పూర్వం గడచిన కాలాన్ని కొలిచే సాధనమేది? భూమి తన చరిత్రను తానే వ్రాసి దాచుకొన్నది. ఆ వ్రాత అక్షరాలలో లేదు. అది పొరలు పొరలుగా పేరుకొన్న శిలలలోను, ఆ శిలలలో చిక్కుకొని రాయిగా మారిన ప్రాణుల అవశేషాలలోను ఉన్నది. భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరాలని నేడు శాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. ఆ సుదీర్ఘ కాలాన్ని మహాయుగాలుగాను, యుగాలుగాను విభజించి చూపే పట్టికయే భూవైజ్ఞానిక కాలమానం. ఆ కాలమానానికి పునాది వేసినవారిలో అగ్రగణ్యుడు ఒక కమ్మరి కుమారుడు. కళాశాల గడప తొక్కని ఆ మహనీయుని పేరు విలియం స్మిత్.

స్మిత్ 1769వ సంవత్సరం మార్చి 23వ తేదీన ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ మండలంలో చర్చిల్ అనే చిన్న గ్రామంలో జన్మించినాడు. ఎనిమిదవ యేటనే తండ్రిని కోల్పోయి, వ్యవసాయదారుడైన పినతండ్రి ఇంట పెరిగినాడు. ఆతని చదువు గ్రామ పాఠశాలతోనే ముగిసినది. అయితే ఆ ఊరి పొలాలే ఆతనికి మరొక పాఠశాల అయినవి. అక్కడి స్త్రీలు వెన్న తూచటానికి పొలాలలో దొరికే గుండ్రని రాళ్ళను తూనికరాళ్ళుగా వాడేవారు. పిల్లలు మరొక రకం చిన్న రాళ్ళతో గోలీలాడుకొనేవారు. నిజానికి ఆ తూనికరాళ్ళు ఒకప్పుడు సముద్రంలో నివసించిన ముళ్ళ ఒంటి ప్రాణుల శిలాజాలు. ఆ గోలీలు రెండు చిప్పల జలచరాల శిలాజాలు. సముద్రానికి ఎంతో దూరాననున్న ఆ ఊరిలో సముద్రజీవులు రాళ్ళై దొరకటం చిత్రమైన విషయం. ఆ రాళ్ళను ఏరి దాచుకొనే అలవాటు స్మిత్‌కు బాల్యంలోనే అబ్బినది.

పదునెనిమిదవ యేట, 1787లో, ఆతడు ఎడ్వర్డ్ వెబ్ అనే సర్వేయరు వద్ద సహాయకుడుగా చేరినాడు. గొలుసు పట్టి భూములు కొలవటం, పటాలు గీయటం అక్కడ నేర్చుకొన్నాడు. 1791లో పనిమీద సోమర్సెట్ ప్రాంతానికి వెళ్ళినాడు. అది బొగ్గు గనుల ప్రాంతం. గనుల పటాలు తయారుచేయటానికి స్మిత్ స్వయంగా భూగర్భంలోనికి దిగి చూచినాడు. గనిలోని ప్రతి పొరకు పనివాండ్రు ఒక పేరు పెట్టుకొన్నారు. ఏ పొర క్రింద ఏ పొర వచ్చునో వారికి కంఠస్థమే. ఈ క్రమం ఈ గనిలో మాత్రమే కలదా, లేక దేశమంతటా కలదా అన్న ప్రశ్న యువకుడైన స్మిత్ మనస్సులో నాటుకొన్నది. ఆతని శేషజీవితమంతా ఆ ప్రశ్నకు సమాధానమే.

ఆ సమాధానానికి దారి చూపినది ఒక కాలువ. సోమర్సెట్ గనుల బొగ్గును పడవలపై తరలించటానికి ఒక కాలువ త్రవ్వవలెనని అక్కడి యజమానులు నిశ్చయించినారు. 1793లో సర్వే పని స్మిత్‌కు అప్పగించినారు. మరుసటి సంవత్సరం ఇతర కాలువల నిర్మాణాన్ని పరిశీలించటానికి సంఘ సభ్యులిద్దరితో కలసి ఆతడు ఉత్తర ఇంగ్లండు వరకు సుదీర్ఘ యాత్ర చేసినాడు. తోటివారు కాలువలను చూచుచుండగా ఆతడు బండిలోనుండి కొండల ఆకృతులను, నేలల రంగులను చూచుచు వచ్చినాడు. తరువాత కాలువ త్రవ్వకం మొదలైనది. ఆ కాలువకు రెండు శాఖలు. రెండు లోయలలోను అవే శిలలు, అదే క్రమంలో, అదే వాలుతో బయటపడినవి. బీరువా అరలో ఒక ప్రక్కకు ఒరిగిన పుస్తకాల వలె శిలా స్తరాలన్నియు తూర్పు దిక్కుకు వాలి ఉన్నవని స్మిత్ గ్రహించినాడు.

ఇక్కడ ఒక చిక్కు ఎదురైనది. పై పొర క్రింది పొరకన్న తరువాతిదని డెన్మార్క్ దేశీయుడైన నికొలాస్ స్టెనో 1669లోనే వ్రాసినాడు. ఒక్క గోతిలో ఈ సూత్రం చాలును. కాని పది ఆమడల దూరంలోనున్న రెండు గోతులలో కనిపించే నల్లని బంకమట్టి ఒకే పొరకు చెందినదా, లేక వేరువేరు కాలాలదా? రంగు చూచినను, చేతితో నలిపి చూచినను తెలియదు. ఈ అజ్ఞానం వలన నష్టపోయినవారు కలరు. నల్లని మట్టి కనబడినచోట బొగ్గు ఉండునని భ్రమించి ధనం వెచ్చించి త్రవ్వించి చేతులు కాల్చుకొనేవారు.

ఆ చిక్కుముడిని విప్పినది బాల్యంనాటి రాళ్ళే. కాలువ గట్టుల నుండి ఏరిన శిలాజాలను స్మిత్ పొరల వారీగా వేరుచేసి పెట్టుకొన్నాడు. చూడగా ఒక్కొక్క పొరకు దానికే ప్రత్యేకమైన శిలాజ సముదాయం కలదని తేలినది. రెండు బంకమట్టి పొరలు చూపునకు ఒకే తీరుగా ఉన్నను వాటిలోని శిలాజాలు వేరు. గండకీ నదిలో దొరికే సాలగ్రామాలలో మనం చూచే చక్రాకార ప్రాణి అమ్మోనైట్ అనే సముద్రజీవి. అటువంటి అమ్మోనైట్‌లే ఒక పొరలో ఒక జాతివి, దాని పై పొరలో మరొక జాతివి కానవచ్చినవి. క్రింది పొరతో మరుగైన జాతి పై పొరలలో మరల కానరాదు. 1796 జనవరిలో డంకర్టన్ గ్రామంలోని ఒక సత్రంలో బసచేసిన రాత్రి స్మిత్ ఈ భావాన్ని కాగితంపై పెట్టినాడు. శిలాజ క్రమసిద్ధాంతమని నేడు పాఠ్యగ్రంథాలలో చదివే విషయానికి అది తొలి వ్రాత.

బాత్ నగరంలో బెంజమిన్ రిచర్డ్‌సన్ అనే క్రైస్తవ మతాచార్యుడు చక్కని శిలాజాలను సేకరించి ఉంచినాడు. అవి ఏ క్రమంలో ఉండవలెనో మాత్రం ఆయనకు తెలియదు. స్మిత్ వచ్చి ఒక్కొక్క శిలాజాన్ని చేతిలోనికి తీసుకొని ఇది ఫలానా పొరలోనిదని చెప్పుచు సేకరణనంతయు వరుసగా అమర్చినాడు. ఆ పండితుడు నిశ్చేష్టుడైనాడు. 1799లో జోసెఫ్ టౌన్‌సెండ్ అనే మరొక మతాచార్యుని ఇంట ముగ్గురు కలసి కూర్చున్నారు. పైనున్న సుద్దరాయి మొదలు అడుగుననున్న బొగ్గు వరకు 23 స్తరాలను స్మిత్ చెప్పుచుండగా రిచర్డ్‌సన్ వ్రాసినాడు. ఆ పట్టిక అచ్చు కాకముందే చేతివ్రాత ప్రతులుగా దూరదేశాలకు వ్యాపించినది. అదే సంవత్సరం కాలువ సంఘం స్మిత్‌ను ఉద్యోగం నుండి తొలగించినది. విద్య వృద్ధిచెందిన యేటనే జీవనోపాధి తొలగినది!

అటుపిమ్మట ఆతడు చిత్తడి భూముల నుండి నీరు తొలగించటం, ఊటలను అరికట్టటం, గనులకు సలహాలివ్వటం వృత్తిగా చేసికొన్నాడు. గుర్రపు బండ్లలోను, కాలినడకను ఏటా వేలాది మైళ్ళు తిరిగినాడు. కూలి సంపాదించిన ప్రతిచోట శిలలను గుర్తించి పటంలో ఎక్కించుకొన్నాడు. ఆ విధంగా దాదాపు పదునైదేండ్లు శ్రమించి 1815లో ఇంగ్లండు, వేల్సు, స్కాట్లండులో కొంతభాగం చేరిన మహాపటాన్ని ప్రకటించినాడు. 15 పెద్ద కాగితాలను చేర్చిన ఆ పటం ఎత్తు ఎనిమిది అడుగులకు మించినది, వెడల్పు ఆరడుగులు. ఒక అంగుళానికి అయిదు మైళ్ళు. ప్రతి శిలా స్తరానికి ఒక రంగు. ప్రతి పటానికి రంగులు చేతితోనే అద్దినారు. ఒక దేశమంతటి శిలా నిర్మాణాన్ని ఇంత వివరంగా చూపిన పటం అంతకుముందు లోకంలో లేదు. అది ఒక్క మనిషి కష్టఫలం.

ఇంతటి కార్యం సాధించినవానికి లోకం ఏమిచ్చినది? 1807లో లండనులో జియొలాజికల్ సొసైటీ ఏర్పడినది. అందలి ప్రముఖులు సంపన్నులు. స్మిత్ తన పనికి కూలి పుచ్చుకొనే సర్వేయరు. వారు ఆతని ఇంటికి వచ్చి శిలాజాలను చూచి వెళ్ళినారుగాని ఆతనిని సభ్యునిగా చేర్చుకొనలేదు. పైగా సొసైటీ అధ్యక్షుడైన గ్రీనో ఆధ్వర్యంలో మరొక పటాన్ని తయారుచేసినారు. స్మిత్ కృషి ఆ పటానికి ఆధారమైనదన్న మాటను ఆనాడు ఒప్పుకొనలేదు. 1865 నాటి ముద్రణలో మాత్రమే ఆ మాట పటం శీర్షికలో చేరినది. అప్పటికి స్మిత్ గతించి పాతికేండ్లు దాటినది.

ఆతని కష్టాలన్నిటికిని సొసైటీయే కారణమనుట న్యాయం కాదు. ఆదాయానికి మించి ఆస్తి కొన్నాడు. రాతి వ్యాపారంలో పెట్టిన సొమ్ము మునిగినది. భార్య మానసిక వ్యాధికి గురియైనది. ఋణభారం తట్టుకొనలేక ప్రాణప్రదమైన శిలాజ సేకరణను బ్రిటిష్ మ్యూజియానికి 700 పౌండ్లకు అమ్ముకొన్నాడు. అదియు చాలలేదు. 1819 జూన్ మాసంలో ఋణగ్రస్తుల కారాగారం పాలైనాడు. ఆగస్టు చివర విడుదలై వచ్చేసరికి లండనులోని ఇల్లు, సామగ్రి పరాధీనమై ఉన్నవి. యాబది యేండ్ల వయస్సులో దేశపటాన్ని గీచిన మనిషికి ఆ దేశంలో నిలువ నీడ లేకపోయినది.

స్మిత్ భార్యను, అనాథయైన మేనల్లుడు జాన్ ఫిలిప్స్‌ను వెంటబెట్టుకొని ఉత్తరాదికి వెళ్ళి దొరికిన పని చేసుకొంటూ కాలం గడిపినాడు. కాని పని మానలేదు. యార్క్‌షైర్ పట్టణాలలో మేనల్లునితో కలసి ఉపన్యాసాలిచ్చినాడు. స్కార్‌బరోలో ఆతని సలహాననుసరించి గుండ్రని ప్రదర్శనశాల ఒకటి వెలసినది. దానిలో శిలాజాలను భూమిలో ఉన్న క్రమంలోనే క్రిందినుండి పైకి అరలలో అమర్చినారు.

క్రమంగా తరం మారినది. ఏ సొసైటీ ఆతనిని దూరంగా ఉంచినదో ఆ సొసైటీయే 1831లో వోలాస్టన్ పతకాన్ని ప్రప్రథమంగా ఆతనికి ప్రకటించినది. అధ్యక్షుడైన ఆడమ్ సెడ్జివిక్ ఆతనిని ఇంగ్లండు భూవిజ్ఞానానికి పితగా కీర్తించినాడు. ప్రభుత్వం ఏటా 100 పౌండ్ల భృతి మంజూరు చేసినది. 1835లో డబ్లిన్ ట్రినిటీ కళాశాల గౌరవ డాక్టరేటు నిచ్చినది. లండనులో నూతన పార్లమెంటు భవనానికి తగిన రాయిని ఎంచే సంఘంలో సభ్యుడుగా 1838లో దేశం తిరిగినాడు. 1839 ఆగస్టు 28న, శాస్త్ర మహాసభకు బర్మింగ్‌హామ్ వెళ్ళుచు, దారిలో నార్తాంప్టన్‌లో కన్నుమూసినాడు.

స్మిత్ కనుగొన్న క్రమం ఆతనితో ఆగలేదు. మేనల్లుడు ఫిలిప్స్ 1841లో శిలాజాల ఆధారంగానే జీవచరిత్రను పురాజీవ, మధ్యజీవ, నవజీవ మహాయుగాలుగా విభజించినాడు. ఆ మూడు పేర్లు నేటికిని నిలిచి ఉన్నవి. అయితే స్మిత్‌కుగాని, ఫిలిప్స్‌కుగాని ఏ పొర ఎన్నేండ్ల నాటిదో తెలియదు. ముందు ఏది, వెనుక ఏది అన్నదే తెలియును. ఇరవయ్యవ శతాబ్దిలో యురేనియం నియతవేగంతో సీసంగా మారుట గమనించి ఆర్థర్ హోమ్స్ వంటివారు శిలల వయస్సును లెక్కించినారు. హోమ్స్ 1913లో భూమి వయస్సుపై గ్రంథం ప్రకటించినాడు. నేటి లెక్క ప్రకారం పురాజీవ మహాయుగం సుమారు 54 కోట్ల యేండ్ల క్రిందట మొదలై 25 కోట్ల యేండ్ల క్రిందట ముగిసినది. మధ్యజీవ మహాయుగం 6 కోట్ల 60 లక్షల యేండ్ల క్రిందట ముగిసినది. అంకెలు వచ్చి చేరినవేగాని స్మిత్ చెప్పిన క్రమం తారుమారు కాలేదు. సంవత్సరాలు తెలియకముందే వరుస తెలిసినది. ఆ వరుసయే కాలమానానికి వెన్నెముక.

ఈ విద్య మన గోదావరి తీరానికిని వర్తించినది. ఆదిలాబాదు ప్రాంతంలోని యామనపల్లి వద్ద భారత భూగర్భ పరిశోధన సంస్థవారు త్రవ్వితీసిన రాక్షసబల్లికి కోటాసారస్ అని పేరు. దాని అస్థిపంజరాన్ని హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన కేంద్రంలో నిలిపినారు. ఆ ఎముకలు దొరికిన శిలలు జురాసిక్ యుగానివని తెలిసినది ఆ శిలా సముదాయంలోని ఇతర శిలాజాలను పోల్చి చూచుట వలన. చర్చిల్ గ్రామపు తూనికరాళ్ళు కూడ జురాసిక్ యుగానివే. ఒకటి నేలమీది జంతువు, మరొకటి సముద్రపు జీవి. వేలాది మైళ్ళ దూరంలోనున్న ఆ రెంటిని ఒకే యుగపు పుటలో చేర్చి చదువగలుగుట స్మిత్ చూపిన పద్ధతి వలననే సాధ్యమైనది.

స్మిత్ జీవితం విద్యార్థులకు ఒక విషయం బోధించుచున్నది. ఆతడు చూచిన రాళ్ళను ఆతనికి ముందు వేలమంది చూచినారు. స్త్రీలు వాటితో వెన్న తూచినారు, పిల్లలు ఆడుకొన్నారు, పండితులు అద్దాల పెట్టెలలో పెట్టుకొన్నారు. అది ఏ పొరలోనిదని అడిగి, సమాధానం దొరుకువరకు నడచినవాడు స్మిత్. పట్టాలు, పదవులు, సభ్యత్వాలు ఆలస్యంగా రావచ్చును, రాకపోవచ్చును. నిజమైన పని మాత్రం శిలలోని అచ్చువలె చెరగక నిలుచును. గని పనివాని పరిజ్ఞానాన్ని, సర్వేయరు గొలుసును తక్కువగా చూచే సమాజం తన మేధావులను తానే పోగొట్టుకొనును. ఆ పొరపాటును గుర్తించటానికి ఇంగ్లండుకు ముప్పది యేండ్లు పట్టినది. మన గ్రామాలలో, మన పనివాడలలో ఎందరు స్మిత్‌లు ప్రశ్నలతో ఉన్నారో చూచి వారి చేయి పట్టుకొనుట చదువుకొన్నవారి విధి.

— తెలుగు ఉపన్యాసకుడు