విద్యను చేతితో పరీక్షించిన అల్ జజరీ

చిన్న మోటారు, నాలుగు చక్రాలు, కొన్ని తీగలు సంపాదించి, తనంతట తానే కదిలే మరబొమ్మను ఇంట్లోనే తయారు చేసుకునే పిల్లలు నేడు మన పట్టణాల్లో కనిపిస్తున్నారు. దారిలో గోడ అడ్డు వస్తే ఆ బొమ్మ ఎవరూ చెప్పకుండానే పక్కకు తిరుగుతుంది. దానిని చూసి ముచ్చటపడే తల్లిదండ్రులలో ఎంతమందికి అల్ జజరీ పేరు తెలుసు? విద్యుత్తు లేని కాలంలో, ఎనిమిది వందల ఏళ్ల క్రితం, కేవలం నీటి బరువుతో ఇటువంటి బొమ్మలను నడిపించిన వ్యక్తి ఆయన.

ఆయన పూర్తి పేరు బదీఉజ్జమాన్ ఇస్మాయీల్ ఇబ్నుర్రజ్జాజ్ అల్ జజరీ. ఉర్దూలో జజీరా అంటే ద్వీపమని మనకు తెలుసు. దజ్లా, ఫురాత్ నదుల మధ్య భూమిని అరబ్బులు అల్ జజీరా అని పిలిచేవారు. అక్కడివాడు కనుక జజరీ అయ్యాడు. రజ్జాజ్ అంటే బియ్యం వర్తకుడు. హిజ్రీ 570లో, అంటే క్రీ.శ. 1174 ప్రాంతంలో, దియార్ బకర్‌ను ఏలిన ఆర్తుఖీ వంశపు కొలువులో ఆయన చేరాడు. మొదట నూరుద్దీన్ ముహమ్మద్ వద్ద, తరువాత ఆయన కుమారులు ఖుత్బుద్దీన్, నాసిరుద్దీన్ మహమూద్‌ల వద్ద పనిచేశాడు.

ఈ నాసిరుద్దీన్‌కు ఒక పట్టింపు ఉండేది. వుజూ చేసేటప్పుడు సేవకులు వచ్చి తన చేతులపై నీళ్లు పోయడం ఆయనకు నచ్చేది కాదు. ఆ పనికి ఏదైనా ఉపాయం చూడమని జజరీని కోరాడు. జజరీ రాగితో ఒక సేవకుని బొమ్మను చేశాడు. అది కూజాతో నీళ్లు పోస్తుంది. నీళ్లు అయిపోగానే రెండవ చేయి కిందికి దిగి తువ్వాలు, అద్దం అందిస్తుంది.

మరొక పరికరంలో నెమలి ముక్కు నుండి నీరు పళ్లెంలోకి పడుతుంది. చేతులు కడిగిన నీరు కింది తొట్టిలో చేరుతుంది. నీటిమట్టం పెరిగిన కొద్దీ అందులో తేలే బెండు పైకి లేస్తుంది. అది ఒక మీటను కదిలిస్తే తలుపు తెరుచుకొని చిన్న బొమ్మ సబ్బుపొడితో బయటికి వస్తుంది. నీరు ఇంకా పెరిగితే రెండవ బెండు లేచి, తువ్వాలుతో మరో బొమ్మ వస్తుంది. కడుక్కునే మనిషి ఎంతవరకు వచ్చాడో ఆ యంత్రం నీటిని బట్టే తెలుసుకుంటుందన్న మాట. నేటి పిల్లవాని మరబొమ్మ గోడను గుర్తించడమూ ఈ కోవలోనిదే.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. వుజూ నియమాలను మేము ముప్పై ఏళ్లుగా బోధిస్తున్నాము. ఒకసారి మా విద్యార్థి ఒకడు వుజూ తొట్టిలోని తేలే బంతిని విప్పి, నిండగానే నీరు ఎలా ఆగిపోతుందో చూస్తూ కూర్చున్నాడు. పాఠం మాని ఈ పనేమిటని కోప్పడి పంపించివేశాము. జజరీ గురించి చదివిన తరువాత ఆ పిల్లవాడు గుర్తుకొచ్చి సిగ్గుపడ్డాము.

జజరీ సైతం చదువుకున్నవాడే. ఆయనకు మూడు శతాబ్దాలకు పైగా ముందు బాగ్దాదులో బనూ మూసా సోదరులు యంత్రాలపై రాసిన గ్రంథం ఆయనకు తెలుసు. అయినా, చేసి చూడనిదే దేనినీ నమ్మలేదు. పగలు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది కనుక ఆనాటి నీటి గడియారాలలో నీటి ధారను రోజురోజుకూ సరిచేయవలసి వచ్చేది. పూర్వులు అందుకు చెప్పిన కొలతలను ఆయన పరీక్షించి, అవి సరిపోవని తేల్చి, స్వయంగా ప్రయోగాలు చేసి కొత్త కొలతలు గుర్తించాడు. ముందుగా కాగితంతో నమూనాలు చేసేవాడు. కర్ర వంగిపోకుండా పలుచని చెక్కలను ఒకదానిపై ఒకటి అతికించేవాడు. చుక్క నీరు కారకుండా మూతలను కురువింద పొడితో అరగదీసేవాడు.

ఆయన ఏనుగు గడియారంలోని కీలకం మన వారికి పరిచయమైనదే. అడుగున రంధ్రమున్న గిన్నె నెమ్మదిగా నీటిలో మునుగుతుంది. భారతదేశంలో గడియలను లెక్కించిన పద్ధతీ ఇదే. జజరీ ఆ గిన్నెకు తాళ్లు కట్టి, అది మునిగిన ప్రతిసారీ, అంటే అరగంటకొకసారి, పక్షిని, మావటిని కదిలించాడు.

హిజ్రీ 602లో, క్రీ.శ. 1206లో, రాజాజ్ఞపై ఆయన గ్రంథం పూర్తయింది. ఆరు భాగాలు, యాభై పరికరాలు. వాటిలో పది పానగోష్ఠుల కోసం చేసినవి. వీటిని మేము మెచ్చుకోలేము, దాచిపెట్టనూ లేము. కొలువులో ఉన్నవాడు రాజు అడిగింది చేయాలి. మాకు నచ్చినది నీరు తోడే యంత్రాల భాగం. ప్రవాహం తిప్పే చక్రంతో రెండు గొట్టాలలో ముషలాలు ముందుకూ వెనక్కూ ఆడుతూ నీటిని పీల్చి పైకి నెట్టే పంపు అందులో ఉంది.

తన కిటుకులను ఆయన దాచుకోలేదు. ప్రతి భాగం కొలత, చేసే విధానం, బొమ్మ గీసి మరీ వివరించాడు. 1206 నాటి ప్రతి ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపి గ్రంథాలయంలో ఉంది. డొనాల్డ్ హిల్ అనే ఇంజనీరు 1974లో ఈ గ్రంథాన్ని ఆంగ్లంలోకి అనువదించాడు. 1976లో లండన్ సైన్స్ మ్యూజియం వారు జజరీ వర్ణించిన కోట గడియారాన్ని ఆయన చెప్పినట్టే నిర్మించారు. 770 ఏళ్ల తరువాత అది నడిచింది.