కూల్డ్రే గుర్తించిన కుంచె.. దామెర్ల

రాజమహేంద్రవరం: తెలుగునాట ఆధునిక చిత్రకళకు ఆద్యులలో ఒకరైన దామెర్ల రామారావు 1897లో జన్మించారు. స్థానిక ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ఆంగ్లేయుడు ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన ప్రతిభను గుర్తించి, బొంబాయిలోని జె.జె. కళాశాలలో చదువుకు తోడ్పడ్డారు. అక్కడ పాశ్చాత్య పద్ధతిలో దేహనిర్మాణాన్ని, వెలుగునీడలను అభ్యసించినా, అజంతా రేఖాలాలిత్యాన్ని రామారావు విడువలేదు. ఆ కాలంలో ఇది సామాన్య విషయం కాదు. పుష్పాలంకరణ, సిద్ధార్థ రాగోదయం వంటి చిత్రాలలో ఈ రెండు ధోరణులూ ఒద్దికగా కలసిపోయాయి.

బొంబాయిలో నిలదొక్కుకునే అవకాశమున్నా స్వస్థలానికే తిరిగివచ్చి చిత్రకళాశాలను నెలకొల్పారు. 28 ఏళ్ళు నిండకముందే, 1925 ఫిబ్రవరిలో మశూచి ఆయనను బలిగొన్నది. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ కళాశాల బాధ్యతను స్వీకరించారు. దామెర్ల చిత్రాలు నగరంలో ఆయన పేరిట ఏర్పడిన చిత్రశాలకు చేరాయి.