క్రెసెంటు పత్రికాధిపతి గాజుల లక్ష్మీనరసుశెట్టిగారు

గ్రంథాలయపు బల్లకడ కూర్చుండి నిత్యము పత్రికలు చదువు మన పాఠకులలో, తెలుగువారొకరు చెన్నపట్టణమున స్వంత ధనముతో పత్రిక నెలకొల్పి కుంపిణీ ప్రభుత్వమును నిలదీసిన సంగతి నెఱిగినవారు కొలదిమంది. ఆ పత్రిక పేరు క్రెసెంటు, అనగా నెలవంక. దాని సంచికలు నేడు కంటబడుట దుర్లభము. దానిని నడపినవారు గాజుల లక్ష్మీనరసుశెట్టిగారు.

వీరు 1806వ సంవత్సరమున చెన్నపట్టణమున జన్మించిరి. తండ్రి సిద్ధులుశెట్టిగారు నీలిమందు, రుమాళ్ల వర్తకులు. కుమారునకు బడిచదువు స్వల్పముగానే అబ్బినది గాని, వర్తకమున తండ్రిని మించెను. ధనము చేకూరిన పిమ్మట దాని వృద్ధియందుగాక ప్రజల బాగోగులయందు మనసు నిలుపుట వీరి ప్రత్యేకత.

1844 అక్టోబరు 2వ తేదీన క్రెసెంటు వెలువడెను. హార్లీ యను దొరను సంపాదకునిగా నియమించిరి. దొరలకు తెలియవలసిన మాట దొరల భాషలోనే చెప్పవలెనని కాబోలు, పత్రికను ఇంగ్లీషున నడపిరి. దాని ప్రకటనను సైతము సర్కారువారు తమ గెజెటులో అచ్చువేయ నిరాకరించిరి. 1846లో సర్కారు బడులలో బైబిలును పాఠ్యగ్రంథము చేయబూనగా, శెట్టిగారు సభ చేయించి మహజరు పంపిరి. సీమలోని డైరెక్టర్లు ఆ ప్రతిపాదన నంగీకరింపలేదు. మతము మారినవారికి పిత్రార్జితము దక్కవలెనను శాసనమునుకూడ వీరెదిరించిరి. ఈ విషయమున వీరి పక్షము నేటివారికి రుచింపకపోవచ్చును.

అయినను వీరి కీర్తి నిలుచునది రైతుల పక్షమున చేసిన పనివలననే. ఆనాటి మన సీమ స్థితి తలచుకొన్న ఆ పని విలువ బోధపడును. 1832–33 నాటి నందనకరవులో గుంటూరు సీమ ప్రజలు లక్షలోపు గాదు, అంతకుమించియే మడిసిరి. నరసారావుపేట మల్రాజువారి జమీ మొదలగునవి బాకీలక్రింద కుంపిణీవారి వశమైనవి. పంట పండినను ఎండినను శిస్తు తప్పదు. కట్టలేని రైతు తలను వంచి కాలి వ్రేళ్లకు త్రాట బిగించి ఎండలో నిలిపెడివారు. రెండు కఱ్ఱల నడుమ వ్రేళ్లు నొక్కెడివారు. ఇది చెన్నరాజధాని యంతటను సాగిన దురాచారము.

1852 ఫిబ్రవరిలో శెట్టిగారు మద్రాసు నేటివ్ అసోసియేషను స్థాపించి, శిస్తుల భారము, ఉప్పుపన్ను, బాటలు బడులు లేని కొఱత మొదలగు కష్టములను పార్లమెంటునకు విన్నవించిరి. మఱుసటి యేడు డాన్బీ సేమూరను పార్లమెంటు సభ్యుడు రాగా, వెంటబెట్టుకొని జిల్లాలు తిప్పి, హింసకు లోనైనవారిని కన్నులార చూపిరి. 1854 జూలైలో ఈ విషయము పార్లమెంటున చర్చకు వచ్చెను. విచారణసంఘ మేర్పడెను. అందొకరు గుంటూరు కలెక్టరుగా పనిచేసిన స్టోక్సుదొర. దూరభారము లెక్కచేయక వచ్చినవారివి, వ్రాసినవారివి కలిసి రమారమి రెండువేల ఫిర్యాదులందెను. 1855 నాటి నివేదిక హింస నిజమేయని తేల్చి, తప్పంతయు దేశీయోద్యోగులపై మోపి దొరలను తప్పించెను. తాసీల్దార్లు, బంట్రోతులు, గ్రామోద్యోగులు ఆ పాపమున పాలుపొందిరనుట దాచదగినది గాదు. కాని జమాబందినాటికి మొత్తము చెల్లితీరవలెనని పైనుండి ఒత్తిడి చేసిన దెవ్వరో ఆ నివేదిక గట్టిగా అడుగలేదు.

కుంపిణీవారివలన న్యాయము జరుగదని నిశ్చయించుకొని శెట్టిగారు, దేశమును రాణిగారి స్వపరిపాలనమునకు మార్పవలెనని కోరుచు పదునాలుగువేల సంతకములతో మహజరు పంపించిరి. పిమ్మట 1857 నాటి తిరుగుబాటు వచ్చెను. 1858 నవంబరు 1వ తేదీన రాణిగారి ప్రకటన వెలువడి కుంపిణీ పాలన ముగిసెను. మఱుసటి యేడు గుంటూరు జిల్లాను రద్దుచేసి పల్నాడుతోసహా కృష్ణాజిల్లాలో కలిపిరి. ఏలిక మారెను, జిల్లా పేరు మారెను. శిస్తు మాత్రము నిలిచెను.

క్రొత్త ప్రభుత్వమువారు శెట్టిగారికి బిరుదమిచ్చి, 1863లో చెన్నపురి శాసనసభలో సభ్యునిగా నియమించిరి. అప్పటికే వర్తకపు ధనము పత్రికకును, సంఘమునకును కరగిపోయెను. నీలిమందు, రుమాళ్ల వ్యాపారమున గడించినది చేతలేక, 1868లో లేమిలోనే వీరు దివంగతులైరి. వీరితో సంఘపు కార్యములును సన్నగిల్లెను.