ప్రతి విశ్వాసియు సాక్షియే: బిషప్ అజరయ్యగారి జీవితము

సువార్త ప్రకటించుట ఎవరి పని? ఈ ప్రశ్నకు మనలో అనేకులు, అది అయ్యగారి పని అని తడుముకొనకుండ జవాబిస్తాము. అయ్యగారు ప్రసంగించాలి, మనము విని, కానుక వేసి, ఇంటికి వెళ్లాలి. ఈ తలంపును తన జీవితకాలమంతయు ఎదిరించిన దైవజనుడు డోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు.

ఆయన 1874 ఆగస్టు 17న తమిళ దేశమందు, తిరునల్వేలి ప్రాంతములోని వెల్లాలన్‌విలై గ్రామములో జన్మించారు. తండ్రి ఆ ఊరి సంఘ గురువు. అజరయ్య చిన్నతనములోనే తండ్రి ప్రభువునందు నిద్రించగా, తల్లి ఆయనను దైవభక్తిలో పెంచారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు గాని పట్టము పుచ్చుకొనలేదు. 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శియై, దక్షిణ దేశములో ఊరూరు తిరుగుచు యువకులను ప్రభువు తట్టు నడిపించారు.

1902లో ఆయన యాఴ్పాణమను జాఫ్నా పట్టణమునకు వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత కానుకలతో, తమ సొంత మనుష్యులను సువార్తకై పంపుచుండిరి. అది చూచి ఆయన హృదయము నొచ్చుకొన్నది. తిరునల్వేలిలో వేలకొలది విశ్వాసులున్నారు, ఆలయములున్నవి, బడులున్నవి. అయినను ఆ సంఘము ఇతరుల యొద్దనుండి పొందుటకే అలవాటుపడినది గాని, ఇచ్చుటకు నేర్చుకొనలేదు. ఆ వేదన వ్యర్థము కాలేదు. 1903 ఫిబ్రవరిలో తిరునల్వేలి భారతీయ మిషనెరీ సంఘము స్థాపించబడినది. 1905 క్రిస్మసు దినమున శ్రీరాంపురములో జాతీయ మిషనెరీ సంఘము ఆరంభమైనది. రెంటిలోను ఆయన ముందు నిలిచారు.

చదువరులు ఇక్కడ ఒక సంగతి గమనింపవలెను. ఈ రెండు గొప్ప కార్యములు జరిగిన దినములలో అజరయ్యగారు గురువు కారు, ఉపదేశకుడును కారు. మనవలెనే ఆయన సంఘములో ఒక సామాన్య సభ్యుడు. ఆయన గురుపరిచర్యలో ప్రవేశించినది 1909లో మాత్రమే. అభిషేకము పొందిన తరువాత ఆయన పని మొదలుపెట్టలేదు. అంతకుముందే పనిచేయుచున్న వానిని సంఘము అభిషేకించినది.

తిరునల్వేలి సంఘము ఎన్నుకొనిన సేవాక్షేత్రము నిజాం రాజ్యములోని డోర్నకల్ ప్రాంతము. ఇతరులను పంపి తాను ఇంట కూర్చుండుట అజరయ్యగారికి తగినదిగా తోచలేదు. తెలుగు నేర్చుకొని, తెలుగువారి మధ్య కాపురమున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తా నగరములో బిషప్పుగా అభిషేకింపబడి, ఆంగ్లికన్ సంఘములో ప్రథమ భారతీయ బిషప్ అయ్యారు.

ఆయనకు అప్పగింపబడిన మంద ఎట్టిది? అధికులు మాల మాదిగ పేటలలోని బీద కూలీలు. చదువు లేదు, భూమి లేదు, ఊరిలో గౌరవము లేదు. ఇట్టివారు ముందు అనేక సంవత్సరములు నేర్చుకొని, తరువాత సాక్ష్యమివ్వవచ్చునని ఎవరైనను అనుకొందురు. అజరయ్యగారు అట్లు అనుకొనలేదు. బాప్తిస్మము పొందినవారిని తమ చేతిని తమ తలపై ఉంచుకొనమని, తాము బాప్తిస్మము పొందిన క్రైస్తవులమనియు, సువార్త ప్రకటింపని యెడల తమకు శ్రమ అనియు ఒప్పుకొనునట్లు చేసేవారు. అపొస్తలుడైన పౌలు తన్నుగూర్చి పలికిన ఆ మాట, ఆ దినమునుండి కూలివాని మాటయు అయ్యెను.

ఆ సాక్ష్యము నోటిమాటతో ముగియలేదు. ఎద్దుబండి మీద పల్లెపల్లెకు వెళ్లి, త్రాగుడు మానవలెననియు, శుభ్రముగా ఉండవలెననియు, అప్పులలో పడరాదనియు, బీదలైనను దేవునికి ఇవ్వవలెననియు ఆయన బోధించారు. పేటలలో కలిగిన మార్పు ఊరివారి కన్నులబడినది. నిన్నటివరకు తాము తృణీకరించిన వారి జీవితములు మారుట చూచి, కొన్ని చోట్ల అగ్రవర్ణములుగా ఎంచబడిన వారును సువార్తను విచారించి, సంఘములో చేరారు. పండితులు చేయలేని పనిని పాలేరులు చేశారు.

ఈ సేవలో ఆయన భార్య అంబు మరియమ్మాళ్‌గారు తోడుగా నిలిచి, స్త్రీల మధ్య పరిచర్య చేశారు. 1941 నాటికి డోర్నకల్ అధ్యక్ష ఖండములోని క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటినది. 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన డోర్నకల్ దేవాలయము మన దేశపు శిల్పరీతులతో నేటికిని నిలిచియున్నది. 1945 జనవరి 1న అజరయ్యగారు తమ పరుగు కడముట్టించారు.

ప్రియ చదువరీ, నీవు ప్రసంగీకుడవు కాకపోవచ్చును. పొలములోనో, కార్యాలయములోనో, వంటయింటిలోనో నీ దినము గడచుచుండవచ్చును. అయితే అక్కడ నీ ప్రక్కనున్న వానియొద్దకు నీ సంఘ కాపరి రాలేడు, నీవు ఉన్నావు. రోగి మంచము ప్రక్క ప్రార్థించుట, పొరుగింటి బిడ్డకు బైబిలు కథ చెప్పుట, నమ్మకముగా లెక్క అప్పగించుట, ఇవన్నియు పరిచర్యయే. ఈ రాత్రి ఒంటరిగా మోకరించి, నీ చేతిని నీ తలపై ఉంచుకొనుము. నీ బాప్తిస్మమును జ్ఞాపకము చేసికొనుము. రేపు ఎవరియొద్దకు వెళ్లవలెనో ప్రభువునే అడుగుము.